నీలం ముడి

కిటికీ పక్కన చెక్కపలక మీద నీలం ఉన్ని చిలపని ఆమె మూడోసారి తిప్పి పెట్టింది. జడలా మెలిపెట్టి కట్టిన దారం అది. మెలిక మధ్య నీడ ఫోటోలో నల్లగీతలా పడకూడదు. అలాగని వదులు చేస్తే చచ్చిన పాములా కనబడుతుంది. మెలిక కింద అగ్గిపుల్ల ఒకటి దాచి, దారాన్ని కాస్త ఎత్తింది. ఫోను స్టాండు మూడు కాళ్ళూ నేల మీద గీసుకున్న మూడు సుద్ద గుర్తుల మీద నిలిచాయో లేదో వంగి చూసింది. గడియారం తొమ్మిదిన్నర. రోజూ తొమ్మిదిన్నరే. ఫోనులో వెలుగుని బట్టి తెలుపు తెల్లగా పడేలా పెట్టుకునే రంగు అంకెని కూడా రెండేళ్ళ క్రితం ఒకసారి సరిచూసుకుని అక్కడే బిగించేసింది. మళ్ళీ ముట్టుకోలేదు. ఆన్‌లైన్‌లో కూడా అమ్మే ఈ ఉన్ని దుకాణానికి ఫోటోలు తీసేవాళ్ళు ఇంతకుముందు ముగ్గురు మారారు. నిలిచింది తనొక్కతే. ఈ సుద్ద గుర్తులే తనని నిలబెట్టాయని ఆమె నమ్మకం.

"అయిందా నీ దారానికి సింగారం?" అంది అత్తగారు వాకిలి పక్క కుర్చీలోంచి. "అయితే నన్ను కూడా కూర్చోబెట్టి ఓ ఫోటో లాగు. పింఛను కార్డు కొత్తది ఇస్తారట, సోమవారం లోపు ఫోటో ఇవ్వాలి. పాతదాంట్లో దొంగలా ఉన్నాను."

"కొత్తదాంట్లో దొరలా తీస్తాను, రండి అత్తయ్యా."

"దొరసాని అను."

అత్తగారు స్టూలు మీద కూర్చుని, రెండు చేతులతో జుట్టు అణుచుకుని, కిటికీ వైపు చూసి మొహం చిట్లించింది. "ఎదురింటాయన గోడకి రంగు వేశాడా, కోడిగుడ్డు సొన పూశాడా? నెల్లాళ్ళ నుంచీ చూస్తున్నా, కళ్ళు జిగేలుమంటున్నాయి."

"అటు చూడకండి. ఇటు, నా వేలు చూడండి."

నాలుగు ఫోటోలు తీసిందో లేదో, ఫోను మోగింది. దుకాణం మేడమ్.

"మళ్ళీ మూడు పార్సిళ్ళు వెనక్కొచ్చాయమ్మా. అన్నీ ఆ నీలమే. ఒకావిడ ఏం రాసిందో తెలుసా? ఫోటోలో నెమలి మెడలా ఉంది, వచ్చింది చూస్తే స్కూలు యూనిఫాంలా ఉంది అని. ఉన్నదున్నట్టు చెప్పు, నీ వైపు ఏమైనా మారిందా?"

ఆమె వెన్ను తనంతట తానే నిటారుగా అయింది. "ఏమీ మారలేదు మేడమ్. అదే కిటికీ, అదే పలక, అదే టైము. ఫోను కూడా అదే."

"నాకు తెలుసులే. నువ్వు గీత దాటే మనిషివి కాదు." అవతల నిట్టూర్పు వినిపించింది. "అయితే మరి రంగులు వేసే పిన్ని చెయ్యే తప్పుతోంది. రేపు ఒకసారి రా. ఆ నీలం ఫోటో పెద్దదిగా ప్రింటు తీయించుకుని తీసుకురా."

ఫోను పెట్టేశాక ఆమె చిలపని తీసుకుని కిటికీ దగ్గరే ఫోనులో ఫోటో పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే. నెమలి మెడే. నూటికి నూరు పాళ్ళు ఒకటే. హమ్మయ్య అనుకుంది.

*

దుకాణం వెనక రేకుల షెడ్డులో రెండు పెద్ద గంగాళాలు, ఒక గ్యాసు పొయ్యి, ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగు తాళ్ళు. తాళ్ళ మీద తడి చిలపలు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. దుకాణంలో అందరూ పిన్ని అని పిలిచే మనిషి గంగాళం ముందు నిలబడి కర్రతో దారాన్ని తిప్పుతోంది. కలిపినట్టు కాదు, నిద్రపోయే పిల్లని పక్కకి ఒత్తిగిలించినట్టు. ముప్పై ఏళ్ళుగా ఆ దుకాణంలో అమ్ముడైన ప్రతి రంగూ ఆవిడ చేతిలోంచి వచ్చిందే. ఆ చేతులు మణికట్టు దాకా ఏదో ఒక రంగులో ఉంటాయి. ఆరోజు ఊదా.

మేడమ్ బల్ల మీద ప్రింటు పెట్టింది. పక్కన, వెనక్కొచ్చిన చిలప పెట్టింది. చిన్నపిల్లకి చూపించినా తేడా చెబుతుంది. ఫోటోలో నీలానికి పచ్చ జీర ఉంది. చిలప అచ్చమైన నీలం.

"ఇది నా రంగేనమ్మా," అంది పిన్ని చిలప మీద వేలు పెట్టి. "లోతు నీలం. ఇది మారలేదు."

"మరి ఫోటోలో ఉన్నదెవరి రంగు? అదీ నీ గంగాళంలోదేగా?"

పిన్ని చేతులు తుడుచుకుని, మేకుకి వేలాడుతున్న అట్ట తీసింది. పొడుగాటి అట్ట, అంచు పొడుగునా బెజ్జాలు. వేసిన ప్రతి కొత్త రంగులోంచీ వేలెడు దారం కోసి ఒక బెజ్జంలో ముడి వేస్తుంది. ముడి పక్కన దాని పేరు ఎవరో ఒకరి చేత రాయిస్తుంది. తడి ఇటిక, ముసురు బూడిద, లోతు నీలం. రాసిన చేతులు వేరువేరు. దారాలు మాత్రం ఒకే చేతివి.

"ఇదిగో, లోతు నీలం. నువ్వే సరిపోల్చు."

"ఆ ముడి ఏ కాలం నాటిదో! వెలిసిపోయి ఉంటుంది." మేడమ్ గొంతు పెంచలేదు, పెంచితేనే బాగుండేది. "పిన్నీ, నిన్ను నేను మాటనడం లేదు. ఒక్కో చిలప ఒక్కో రంగు వస్తోంది, అంతే. వయసన్నాక కళ్ళు మసకేయడం ఎవరికైనా ఉండేదే. మా అమ్మకీ అంతే, తెల్ల గుళిక బదులు పచ్చ గుళిక మింగేసేది."

"నా కళ్ళు నాకు బాగానే ఆనుతున్నాయమ్మా."

"మసకేసినవాళ్ళందరూ అదే అంటారు." మేడమ్ ప్రింటుని గంగాళం వెనక గోడకి టేపుతో అంటించింది. "అల్లికల సంఘం వాళ్ళు అరవై చిలపలు అడిగారు, ఈ ఫోటో చూసే అడిగారు. శనివారానికి ఈ రంగు దించు. కుదరకపోతే, రంగు మేమే వేసిస్తామంటున్న మిల్లు వాళ్ళకి సరేనంటాను. వాళ్ళ మిషనుకి కళ్ళుండవు, వయసూ ఉండదు."

పిన్ని ఆ ఫోటో దగ్గరికి వెళ్ళి, మొహం ఆనించేంత దగ్గరగా నిలబడి చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది, మేడమ్ వైపు కాదు.

"అమ్మాయ్, నీకు పంపిన చిలప ఇలాగే ఉందా? నువ్వు కళ్ళారా చూశావా?"

"చూశాను పిన్నీ. నిన్న పక్కపక్కనే పెట్టి చూశాను." ఉన్నమాటే కదా అనుకుంది ఆమె. "ఇలాగే ఉంది."

"నువ్వు చూసి చెబుతున్నావుగా," అంది పిన్ని. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అదే ఆమెకి ఇంటికి వచ్చేదాకా చెప్పులో రాయిలా గుచ్చుకుంది.

*

గురువారం పొద్దున అత్తగారి ఫోటోని ఫోనులో కార్డు సైజుకి కత్తిరిస్తూ ఉంటే, భుజం మీంచి ఆమె భర్త తొంగిచూశాడు. చూసినవాడు అక్కడే ఆగిపోయాడు.

"అమ్మ మొహం ఏంటలా ఉంది?"

"ఎలా ఉంది?"

"పచ్చగా ఉంది. కళ్ళు చూడు, తెల్లగుడ్డు పచ్చగా లేదూ?" గొంతు తగ్గించాడు. "కామెర్లేమో."

ఆమె ఫోటోని పెద్దది చేసి చూసింది. నిజమే. బుగ్గలు పచ్చగా, కళ్ళు ఇంకా పచ్చగా. వారం రోజులుగా అత్తగారు అన్నం సగంలో వదిలేస్తోందని అప్పుడే గుర్తొచ్చింది. మధ్యాహ్నం పూట ఎక్కువ పడుకుంటోంది కూడా. గుర్తొచ్చే కొద్దీ మరిన్ని గుర్తొచ్చాయి. మనసు అనుమానానికి సాక్ష్యాలు వెతకడం మొదలెడితే ఇంట్లో ప్రతి గిన్నే సాక్ష్యం చెబుతుంది.

"నన్నెందుకురా మిడిగుడ్లేసుకుని చూస్తున్నారు ఇద్దరూ?" అంది అత్తగారు. "ఏం, ఫోటోలో ఇంకా దొంగలానే ఉన్నానా?"

"ఏం లేదమ్మా. ఊరికే ఒకసారి రక్తం చూపిద్దాం."

"ఊరికే ఇవ్వడానికి నా రక్తమేమన్నా కుళాయి నీళ్ళా?"

విసుక్కుంటూనే వచ్చింది. పరీక్షల గదిలో చెయ్యి చాపి, సూది దిగుతుంటే మొహం అటు తిప్పుకుని, కోడలి వేళ్ళు పట్టుకుంది. ఎముకలు తగిలేలా పట్టుకుంది. భయం లేదని పైకి ఎంత అన్నా ఆ పట్టు దాచలేదు. రిపోర్టు రేపు పదకొండింటికి అన్నారు. ఆ రోజు వంటలో ఉప్పు తగ్గించారు, నూనె తగ్గించారు. "ఇంకా జబ్బు రాకుండానే పత్యం పెడుతున్నారు, వస్తే ఏం పెడతారో," అని అత్తగారు సణిగింది.

శుక్రవారం పదకొండింటికి డాక్టరు కాగితం చూశాడు. అత్తగారి కిందిరెప్ప లాగి చూశాడు, నాలుక చూశాడు, గోళ్ళు చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"ఎవరు చెప్పారు కామెర్లని?"

భర్త ఫోనులో ఫోటో చూపించాడు. డాక్టరు ఫోటో చూసి, మనిషిని చూసి, మళ్ళీ ఫోటో చూసి నవ్వాడు.

"మనిషికి ఏమీ లేదండీ. జబ్బు ఫోటోకి."

అత్తగారు ఎంత గట్టిగా నవ్విందంటే బయట బెంచీ మీద వాళ్ళు లోపలికి తొంగిచూశారు. భర్త కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. ఫోను అందుకుని ఆ ఫోటోనే మళ్ళీ చూసింది.

ఆ ఫోటో తీసింది ఆ కిటికీ దగ్గరే. ఆ తొమ్మిదిన్నరకే. ఆ బిగించేసిన అంకెతోనే.

*

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళి, కొత్త తెల్ల పింగాణీ పళ్ళెం తీసింది. కిటికీ దగ్గర పలక మీద పళ్ళెం, పళ్ళెంలో నీలం చిలప. ఎండ ఇంకా ఎదురింటి గోడ మీదే ఉంది. ఫోటో తీసింది. తర్వాత పళ్ళెం, చిలప పట్టుకుని డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు నీడలో పెట్టి, పగటి నీడకి తగ్గ అంకె పెట్టుకుని ఇంకొకటి తీసింది. మెట్ల మీదే కూర్చుని రెండూ పక్కపక్కన చూసింది.

డాబా మీది పళ్ళెం తెల్లగా ఉంది. చిలప అచ్చమైన నీలం, మేడమ్ బల్ల మీద ఉన్నట్టే, అట్ట మీది ముడిలాగే. కిటికీ దగ్గర పళ్ళెం నెయ్యి పూసినట్టు పచ్చగా ఉంది. చిలప నెమలి మెడ.

కిందికి వచ్చి కిటికీ ముందు నిలబడింది. సందు అవతల గోడ ఎండలో పసుపుపచ్చగా మండిపోతోంది. ఆ వెలుగు సందు దాటి, కిటికీ దాటి, చెక్కపలక మీద, స్టూలు మీద, తన చేతుల మీద పడుతోంది. చెక్క ముందే పచ్చటిది గనక బయటపడలేదు. ఎరుపులూ గోధుమలూ ఆ పచ్చని మింగేసి ఊరుకున్నాయి. నీలం మాత్రమే మింగలేకపోయింది. చిలపని ఫోటోతో పోల్చి చూడటానికి మళ్ళీ ఇదే వెలుగులో నిలబడింది తను. దొంగకి దొంగనే సాక్ష్యం అడిగింది. నేల మీద మూడు సుద్ద గుర్తులు తెల్లగా, ఎంతో నమ్మకంగా ఉన్నాయి. కిటికీ ఇవతల ప్రతిదీ కొలిచింది. అవతలికి ఒక్కసారి తలెత్తి చూడలేదు. అత్తయ్య నోటితో చెబితే, అటు చూడకండి అంది.

"చెప్పేస్తావా?" అన్నాడు భర్త, అన్నం ముందు కూర్చుని.

"చెప్పొద్దా?"

"చెప్పొద్దని కాదు." అతను నీళ్ళ గ్లాసు తిప్పాడు. "వెనక్కొచ్చిన పార్సిళ్ళన్నీ నీ నెత్తిన పడతాయి. ఆ పని పోతే మళ్ళీ అలాంటిది దొరకదని నువ్వే అంటావు. మెల్లగా కిటికీకి ఓ తెల్లగుడ్డ కట్టుకో, రేపట్నుంచి సరిగ్గా తీయి. ఎవరికి తెలుస్తుంది?"

"పిన్నికి?"

"ఆవిడ ఇంకెన్నాళ్ళు చేస్తుందిలే."

"నీకు కామెర్లని నలుగురూ అంటే ఇలాగే ఊరుకుంటావట్రా?" అంది అత్తగారు మంచం మీంచి. "ఒక్కరోజుకే నా నాలుక నేనే అద్దంలో పదిసార్లు చూసుకున్నాను."

ఆమె లేచి మేడమ్‌కి ఫోను చేసింది. మూడుసార్లు మోగాక తనే కట్ చేసేసింది. కాసేపటికి మేడమే చేసింది. "పనిలో ఉన్నానమ్మా, ఏదైనా రేపు మాట్లాడదాం, ఎలాగూ వస్తావుగా," అంది. "ఊఁ" అంది ఆమె.

*

శనివారం దుకాణానికి వెళ్ళేసరికి, దారిలో పదిసార్లు కూడబలుక్కున్న మాటలు గుమ్మంలోనే చెల్లాచెదురయ్యాయి. మేడమ్ ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"దించేసిందమ్మా! అచ్చు గుద్దినట్టు! వచ్చి చూడు."

షెడ్డులో నాలుగు తాళ్ళ నిండా నెమలి మెడలు వేలాడుతున్నాయి. అరవై చిలపలు. ఒక్కదానికీ ఒక్కదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. గోడ మీది ప్రింటు ఆ చిలపల మధ్య కలిసిపోయింది. అందంగా ఉంది. అదే ఘోరం.

"సంఘం వాళ్ళకి ఒకటి చూపించాను. ఇదే కావాలన్నారు," అంది మేడమ్. "మిల్లు వాళ్ళకి వద్దని చెప్పేశాను. చూశావా పిన్నీ, కాస్త జాగ్రత్త పడితే అన్నీ అవే కుదురుతాయి."

ఆమె ఒక్క క్షణం తేలికపడింది. పిన్ని పని పోలేదు. తన పనీ పోదు. అడిగినవాళ్ళకి అడిగిన రంగు అందింది. ఇక్కడ ఎవరికీ ఏ లోటూ లేదు. నోరు మూసుకుని, నవ్వి, ఈ కొత్త చిలపలో ఒకటి సంచీలో వేసుకుని వెళ్ళిపోవచ్చు.

అప్పుడు పిన్ని గంగాళం వెనక నుంచి ఇటు వచ్చింది. మొహాన కొత్త కళ్ళజోడు. అలవాటు లేక ముక్కు మీంచి జారుతోంటే నీలం వేలితో పైకి తోసుకుంది. అద్దం అంచుకి నీలం అంటింది.

"బజార్లో కొనుక్కున్నానమ్మాయ్. ఇందులోంచి చూస్తే నాకేమీ తేడా తెలియట్లేదు గానీ, మేడమ్ పెట్టుకోమంది," అంది మెల్లగా. "రాత్రీ పగలూ ఆ ఫోటోనే చూస్తూ పసుపు రంగు చిటికెడు చిటికెడు కలుపుకుంటూ వచ్చాను. నా కంటికి తప్పుగానే ఉంది. అయినా నా కన్ను మాట వినలేదు. నీ ఫోటో మాట విన్నాను. ఇంక నాకు అదే కన్ను."

మేకు ఖాళీగా ఉంది.

"అట్ట ఏది పిన్నీ?"

"ఎందుకది, పాత రంగులు." గడ్డంతో మూల చెత్తబుట్ట వైపు చూపించింది.

ఆమె సంచీలోంచి తెల్ల పళ్ళెం తీసింది. పళ్ళెం బల్లకి తగిలి ఖంగుమంది. ఫోనులో రెండు ఫోటోలు తెరిచి బల్ల మీద పెట్టింది.

"పిన్నీ, తప్పు నాది. నీ రంగు మారలేదు. మా ఎదురింటి గోడకి పసుపు రంగు వేశారు. ఆ వెలుగు వచ్చి నా ఫోటోల మీద పడుతోంది. నేను చూసుకోలేదు. ఇదిగో, ఒకటే పళ్ళెం, ఒకటే చిలప. ఇది కిటికీ దగ్గర, ఇది డాబా మీద. నువ్వు పంపిన చిలప లోతు నీలమే."

మేడమ్ రెండు ఫోటోలనీ వంగి చూసింది.

"అంతా సరిపోయాక ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ?" అంది. మొహంలో వెలుగు పోయింది. "నీ వైపు ఏమీ మారలేదని నువ్వేగా చెప్పావు. నీ మాట పట్టుకునేగా నేను..." మాట మింగేసింది. పిన్ని వైపు చూడలేకపోయింది. "నీ సంగతి తర్వాత మాట్లాడతాను," అని దుకాణంలోకి వెళ్ళిపోయింది.

పిన్ని ఫోను ముట్టుకోలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తాడు మీంచి ఒక చిలప అందుకుని, తలుపు దగ్గరికి వెళ్ళి, వెలుగుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

"పచ్చ," అంది. "పచ్చ ఎక్కువైంది. తెలుస్తూనే ఉంది."

"నీ కళ్ళకి ఏమీ కాలేదు పిన్నీ."

"మొన్నే చెప్పాను కదమ్మా ఆ మాట. ఎవరు విన్నారు?"

ఆమె వెళ్ళి చెత్తబుట్టలోంచి అట్ట తీసింది. అంచు తడిసి మెత్తబడింది. కొంగుతో తుడిచి తెచ్చి ఇచ్చింది. పిన్ని కత్తెర తీసుకుని కొత్త చిలపలోంచి వేలెడు దారం కోసింది. లోతు నీలం పక్క బెజ్జంలో దూర్చి, పంటితో పట్టి, ముడి బిగించింది.

"ఇది కూడా ఉండనీ. నా గంగాళంలోదేగా. పేరు రాయి."

ఆమె పెన్సిలు తీసుకుంది. "ఏం రాయను? ఎదురింటి పసుపు అని రాయనా?" అంది, కాస్త నవ్వబోతూ.

పిన్ని నవ్వలేదు.

"ఎదురింటాయన ఏం చేశాడమ్మా పాపం? ఆయన గోడకి ఆయన రంగేసుకున్నాడు." ముడిని వేలితో ఒకసారి నొక్కి, అట్టని ఆమె వైపు తోసింది. "నీ పేరే రాయి."

పెన్సిలు మొన మెత్తటి అట్టలో దిగబడింది. ఆమె ఒక్కో అక్షరమే ఒత్తి ఒత్తి తన పేరు రాసింది.

"చదువు," అంది పిన్ని.

చదివింది. పిన్ని తలాడించి, అట్టని మేకుకి తగిలించి, గోడ మీంచి ప్రింటు ఊడబెరికింది. గంగాళంలో కొత్త నీళ్ళు పోసి పొయ్యి వెలిగించింది.